నెడ్‌బ్యాంక్ కప్ ఫైనల్: టికెట్ దొరికిన దగ్గర్నుంచి సీట్లో కూర్చునే దాకా

2025 మే 10, శనివారం. దక్షిణాఫ్రికాలో, డర్బన్‌లోని మోజెస్ మబీడా స్టేడియంలో కైజర్ చీఫ్స్, ఒర్లాండో పైరేట్స్ జట్ల మధ్య నెడ్‌బ్యాంక్ కప్ ఫుట్‌బాల్ ఫైనల్. ఆట ఎలా సాగిందో పేపర్లన్నీ రాశాయి కాబట్టి దాని జోలికి ఎక్కువగా పోను. జొహానెస్‌బర్గ్ నుంచి వెళ్లి, చూసి, తిరిగి రావడానికి ఏమేం చేయాల్సి వస్తుంది, ఎక్కడ ఎంతసేపు ఆగాలి, డబ్బు ఎక్కడ పోతుంది అన్నదే ఇందులో ఉంటుంది. శాండ్టన్, మిడ్‌రాండ్ వైపు ఉద్యోగాలు చేసుకునే మన తెలుగువాళ్లు ఎప్పటికప్పుడు "ఈసారి ఫైనల్‌కి వెళ్దాం" అనుకుని చివరికి టీవీ ముందే కూర్చుంటారు. వాళ్లకు ముందే చెప్పాల్సింది ఒకటుంది. టికెట్ కొనడం ఇందులో సగం పని కూడా కాదు.

లీగ్ మ్యాచ్‌కీ నాకౌట్ కప్ మ్యాచ్‌కీ ప్రయాణం ప్లాన్ చేసుకునే తీరే వేరు. లీగ్‌లో ఎవరు ఎక్కడ ఆడతారో ముందే తెలుస్తుంది. కప్‌లో డ్రా తీసేదాకా ప్రత్యర్థి ఎవరో తెలియదు, ఆట ఏ ఊళ్లోనో కూడా తెలియదు. ముందు ఎవరి పేరు వస్తే వాళ్లదే సొంత మైదానం. మొదటి రౌండులో 32 జట్లు ఉంటాయి. ప్రీమియర్ డివిజన్ నుంచి 16, రెండో డివిజన్ నుంచి 8, అమెచ్యూర్ క్లబ్బులు 8. 2025 జనవరిలో చీఫ్స్‌కి ఫ్రీ ఏజెంట్స్ అనే అమెచ్యూర్ జట్టు ఎదురైతే 4-0తో గెలిచారు. చిన్న జట్టుకి సొంత మైదానం డ్రా వచ్చినా ఆట వాళ్ల ఊళ్లో జరుగుతుందని లెక్క వేసుకోవద్దు. లీగ్ ఆమోదించిన స్టేడియం కావాలి, పైగా పెద్ద క్లబ్బు వస్తోందంటే గేటు వసూళ్ల కోసం పెద్ద స్టేడియానికి మార్చుకుంటారు. అందుకే మొదటి రౌండ్లకు దూరప్రయాణాలు ముందుగా బుక్ చేసుకోవడం డబ్బు దండగ. దగ్గర్లో జరిగితే వెళ్లండి, లేదంటే వదిలేయండి.

సెమీఫైనల్ మాత్రం వదలకూడదు. ఏప్రిల్ 13 ఆదివారం ప్రిటోరియాలోని లాఫ్టస్ వర్స్‌ఫెల్డ్‌లో మమెలోడి సన్‌డౌన్స్ మీద చీఫ్స్ 2-1తో గెలిచింది. ఆ మైదానం అసలు రగ్బీది, సన్‌డౌన్స్ దాన్ని తమ ఇంటి మైదానంగా వాడుకుంటుంది. శాండ్టన్ నుంచి గౌట్రెయిన్ అనే వేగ రైల్లో హ్యాట్‌ఫీల్డ్ స్టేషన్ దాకా వెళ్లి అక్కడినుంచి నడిస్తే సరిపోతుంది. దారి తెలియకపోయినా పసుపు జెర్సీల వెనక నడిస్తే చాలు. రైలు కార్డు లేకపోతే బ్యాంకు కార్డునే గేటు దగ్గర తాకించవచ్చు. ఒక్కటి గుర్తుంచుకోండి. ఆదివారం రైళ్లు తక్కువ, రాత్రి తొమ్మిదిలోపే ఆఖరి రైలు వెళ్లిపోతుంది. ఈ కప్‌లో మ్యాచ్ సమమైతే రీప్లే ఉండదు. అదే రోజు మరో 30 నిమిషాలు, అప్పటికీ తేలకపోతే పెనాల్టీలు. సాయంత్రం మొదలయ్యే మ్యాచ్ అయితే ఆ అదనపు గంటను లెక్కలో వేసుకునే రైలు సంగతి ఆలోచించాలి.

రెండో సెమీస్‌లో మరుమో గాలంట్స్‌ని దాటి పైరేట్స్ వరుసగా మూడో ఏడాది ఫైనల్‌కి వచ్చింది. 2023లో సెఖుఖునే మీద, 2024లో సన్‌డౌన్స్ మీద వాళ్లే గెలిచారు. అంటే ఫైనల్ సొవేటో డెర్బీ, జొహానెస్‌బర్గ్‌లోని సొవేటోకి చెందిన రెండు పాత ప్రత్యర్థుల పోరు. ఆ ఆదివారం రాత్రి నుంచి ఫైనల్‌కి నాలుగు వారాలు కూడా లేవు. సన్‌డౌన్స్, స్టెలెన్‌బాష్ లాంటి జట్లు ఫైనల్‌కి వచ్చి ఉంటే ఆఖరి వారం దాకా టికెట్లు దొరికేవి. డెర్బీ అనగానే ఆ లెక్క మారిపోయింది.

ఇక్కడ నేను ఇచ్చే సలహా చాలామందికి తలకిందులుగా అనిపిస్తుంది. ఫైనల్ వేదిక తెలియగానే ముందు గది తీసుకోండి, టికెట్ సంగతి ఆ తర్వాత. ఎందుకంటే మోజెస్ మబీడాలో 50 వేలకు పైగా సీట్లు ఉంటాయి గాని, స్టేడియానికి నడిచి వెళ్లగల దూరంలో గదులు అన్ని లేవు. ఉచితంగా రద్దు చేసుకునే వీలున్న గది తీసుకుంటే, టికెట్ దొరక్కపోయినా పోయేదేమీ లేదు. వరస తిప్పితే, చేతిలో టికెట్ ఉండి, గదికి మామూలు ధరకు రెండు మూడింతలు కట్టాల్సి వస్తుంది. శుక్ర, శని రెండు రాత్రులకూ తీసుకోండి. శనివారం ఒక్క రాత్రికే ఇవ్వమంటే చాలాచోట్ల ఇవ్వరు. ఈ కప్ ఫైనల్‌కి స్థిరమైన ఊరు లేదు. 2024లో ఎంబొంబేలా, 2023లో ప్రిటోరియా, అంతకుముందు రస్టెన్‌బర్గ్, దానికి ముందు బ్లూమ్‌ఫాంటైన్. కాబట్టి కిందటేడు వెళ్లినవాళ్ల లెక్కలు ఈ ఏడాదికి అక్కరకు రావు.

ఆన్‌లైన్‌లో టికెట్లు తెరిచినప్పుడు ముందు ఒక వేచి ఉండే పేజీ వస్తుంది. అక్కడ మీ వరస నంబరు కనిపిస్తుంది. ఆ పేజీని మళ్లీ మళ్లీ తాజా చేయకండి, చేస్తే వరసలో వెనక్కి పోయే ప్రమాదం ఉంది. లోపలికి వెళ్లాక సీట్లు ఎంచుకుని డబ్బు కట్టడానికి కొన్ని నిమిషాలే ఇస్తారు. ఎక్కువమందికి బెడిసికొట్టేది ఇక్కడే. కార్డు వివరాలు కొట్టగానే బ్యాంకు యాప్‌లో అనుమతి అడుగుతుంది. ఫోన్ వేరే గదిలో ఉన్నా, యాప్ పాస్‌వర్డ్ గుర్తులేకపోయినా గడియారం ఆగదు, సీట్లు వెనక్కి పోతాయి. యాప్ ముందే తెరిచి పెట్టుకోండి. ఇండియా కార్డు వాడేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. మన బ్యాంకు కార్డుల్లో విదేశీ ఆన్‌లైన్ చెల్లింపులు మనం తెరిస్తే తప్ప పనిచేయవు. ముందురోజే యాప్‌లో ఆ మీట నొక్కి పెట్టుకోవాలి. హైదరాబాద్ నుంచి, విజయవాడ నుంచి ఫైనల్ చూడ్డానికే రావాలనుకునేవాళ్లకు ఒక మాట. సెమీస్ అయ్యాక వీసాకి దరఖాస్తు చేసి, నేరుగా విమానం లేని ఈ దేశానికి నాలుగు వారాల్లో రావడం అంటే జూదమే. వీసా ముందే చేతిలో ఉంటే తప్ప తలపెట్టకండి.

ఫైనల్‌కి చాలా రోజుల ముందే టికెట్లు మొత్తం అయిపోయాయి. ఆ మర్నాటి నుంచే వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో అమ్మకాలు మొదలయ్యాయి. అసలు ధరకు అనేక రెట్లు. ధర సంగతి అలా ఉంచితే, అసలు ప్రమాదం బార్‌కోడ్‌లో ఉంది. ఒకే పీడీఎఫ్‌ని పదిమందికి పంపి పదిమంది దగ్గరా డబ్బు తీసుకోవచ్చు. గేటు దగ్గర ఎవరిది ముందు స్కాన్ అయితే వాళ్లే లోపలికి వెళతారు, మిగతా తొమ్మిదిమందికి ఎర్ర లైటే. పోలీసుకి చూపించినా, ఏడ్చి మొత్తుకున్నా గేటు దగ్గర ఉన్న మనిషి చేయగలిగింది ఏమీ ఉండదు. టికెట్ చేతిలో ఉన్నవాళ్లు కూడా ఆనందం పట్టలేక దాని ఫొటో స్టేటస్‌లో పెట్టకూడదు. బార్‌కోడ్ కనిపిస్తే చాలు, దాన్ని మరొకరు వాడుకుంటారు.

స్టేడియం దగ్గర ఆట రోజు టికెట్లు అమ్మరు. ఏదో ఒక కౌంటరు ఉండకపోతుందా అని డర్బన్ దాకా వచ్చి వెనక్కి వెళ్లినవాళ్లు ఈసారి కూడా ఉన్నారు. ఈ కట్టుదిట్టానికి కారణం ఇదే రెండు జట్ల మధ్య జరిగిన ఆటల్లోనే ఉంది. 2001 ఏప్రిల్ 11న జొహానెస్‌బర్గ్‌లోని ఎల్లిస్ పార్క్ స్టేడియంలో చీఫ్స్, పైరేట్స్ మ్యాచ్‌కి సీట్లకు మించి జనం వచ్చి, తొక్కిసలాటలో 43 మంది చనిపోయారు. 2017 జులైలో ఎఫ్ఎన్‌బీ స్టేడియం గేటు దగ్గర తోపులాటలో ఇద్దరు పోయారు. అదీ ఈ రెండు జట్ల ఆటే. క్రీడా కార్యక్రమాల భద్రతకు 2010లో ప్రత్యేకంగా చట్టం కూడా చేశారు. ఇది తెలిశాక గేటు దగ్గర గంట నిలబెట్టినా కోపం రాదు. నాకైతే రాలేదు.

మధ్యలో ఒక విచిత్రం. ఫైనల్‌కి సరిగ్గా వారం ముందు, మే 3న ఎఫ్ఎన్‌బీ స్టేడియంలో ఇవే రెండు జట్లు లీగ్‌లో తలపడ్డాయి. పైరేట్స్ 2-1తో గెలిచింది. రెండు మ్యాచ్‌లకీ టికెట్లు కొన్నవాళ్ల మెయిల్లో ఒకే జట్ల పేర్లతో రెండు టికెట్లు ఉంటాయి. డర్బన్ గేటు దగ్గర పాత టికెట్ తెరిచి పట్టుకుని, స్కాన్ కావడం లేదని వాదించే మనుషుల్ని చూశాను. వాళ్ల వెనక వరస అంతా ఆగిపోయింది. టికెట్‌ని ఫోన్‌లో విడిగా దాచుకుని, కాగితం మీద కూడా ఒక ప్రతి తీసుకోండి. అన్నివేల ఫోన్లు ఒక్కచోట చేరినప్పుడు నెట్‌వర్క్ ఉండదు, మెయిల్ తెరుచుకోదు. ఆ రోజు నాకు బాగా పనికొచ్చింది ఆ కాగితమే.

ఇక ప్రయాణం. విమానమైతే గంట ప్రయాణమే గాని, కింగ్ షాకా విమానాశ్రయం ఊరికి ఉత్తరాన 35 కిలోమీటర్ల దూరంలో ఉంది. ఆట అయ్యాక ఆ రాత్రి జొహానెస్‌బర్గ్‌కి విమానం పట్టుకోవడం కుదరని పని. రాత్రి బస్సులున్నాయి, చవక కూడా, కానీ డెర్బీ వారాంతంలో అవీ త్వరగా నిండిపోతాయి. నలుగురు కలిస్తే కారే నయం. ఎన్3 రహదారి మీద 570 కిలోమీటర్లు. డి హుక్, విల్గే, తుగేలా, మోయి రివర్, ఆఖర్న డర్బన్ దగ్గర మరియన్‌హిల్. ఇన్ని టోల్‌గేట్లకు కలిపి ఒకవైపే 300 ర్యాండ్ దాటుతుంది. పెట్రోలుకు చిన్న కారైనా ఒకవైపు 850 నుంచి 900 దాకా అయింది. అప్పట్లో ర్యాండ్ నాలుగున్నర రూపాయల పైచిలుకు ఉండేది. మ్యాచ్ టికెట్ ఖర్చు ఈ టోల్ డబ్బంత కూడా ఉండదు. ఇంట్లో లెక్క చెప్పాల్సి వచ్చినప్పుడు ఈ సంగతి వాడుకోవచ్చు.

శుక్రవారం తెల్లవారకముందే బయల్దేరితే మేలు. మధ్యాహ్నం బయల్దేరితే డర్బన్ రేవుకి వెళ్లే లారీల వెనక చిక్కుకుంటారు. దారిలో రెండు చోట్ల ఆలస్యం అవుతుంది. మొదటిది డ్రాకెన్స్‌బర్గ్ కొండల అంచున ఉన్న వాన్ రీనెన్ పాస్. అక్కడ పొగమంచు దిగిందంటే పది మీటర్ల దూరంలో ఉన్న లారీ కూడా కనిపించదు, అందుకే ఆ ఘాట్ చీకట్లో దాటొద్దు. రెండోది పీటర్మరిట్స్‌బర్గ్ దాటాక డర్బన్ వైపు. రోడ్డు వెడల్పు చేసే పనులు జరుగుతుండటంతో వరసలు తగ్గించి వదులుతున్నారు. ఆరు గంటల దారి ఎనిమిది కావచ్చు. హ్యారిస్మిత్ దాదాపు సగం దూరంలో వస్తుంది. టీ, టాయిలెట్, టైర్లలో గాలి అన్నీ అక్కడే చూసుకోండి. ఆ రోజు అక్కడి బంకులో సగం కార్లకు కిటికీల్లోంచి జెండాలు వేలాడుతున్నాయి. పసుపు నలుపు ఒకరివి, పుర్రె గుర్తుతో నలుపు తెలుపు మరొకరివి. పెట్రోలు పోయించుకుంటూ ఒకరినొకరు ఆటపట్టించుకుంటున్నారు. గొడవ మాత్రం లేదు.

డర్బన్ చేరాక తిండికి మనకు ఇబ్బంది లేదు. శాకాహారులు బీన్స్ బన్నీ అడగండి. రొట్టె లోపలి మెత్తని భాగం తీసేసి, అందులో చిక్కుడుగింజల కూర నింపి ఇస్తారు. మొదటిసారి తినేవాళ్లకు క్వార్టర్, అంటే పావు రొట్టె, చాలు, హాఫ్ తెప్పించుకుంటే ఇద్దరికి సరిపోతుంది. ఊళ్లో నాయుడూ, రెడ్డి అనే పేర్లతో బోర్డులు కనపడితే ఆశ్చర్యపోకండి. 1860 నుంచి మద్రాసు రేవు మీదుగా చెరకు తోటల పనికి వచ్చినవాళ్లలో తెలుగువాళ్లు చాలామంది. వాళ్ల వారసులు 1931లో పెట్టుకున్న ఆంధ్ర మహాసభ ఇప్పటికీ నడుస్తోంది. ఫుట్‌బాల్ కూడా ఇక్కడి భారతీయులకు కొత్త కాదు. ప్రస్తుత ప్రీమియర్ లీగ్ మొదటి సీజన్‌లో, 1997లో, టైటిల్ గెలిచిన మానింగ్ రేంజర్స్ ఈ ఊరి భారతీయుల మధ్య పుట్టిన క్లబ్బు. ఆ క్లబ్బు ఇప్పుడు లేదు. పాత తరం వాళ్ల దగ్గర దాని పేరెత్తితే మాత్రం అరగంట మాట్లాడతారు.

ఆట రోజు. స్టేడియం చుట్టూ ఉన్న ఐజయా ఎన్ట్షంగాసే రోడ్డు, మసబలాలా యెంగ్వా అవెన్యూ వైపు కార్లను మధ్యాహ్నం నుంచే ఆపేశారు. ముందుగా పార్కింగ్ కొన్నవాళ్లకు తప్ప దగ్గరికి దారి లేదు. ఊరికి కొత్తవాళ్లకు నా మాట. కారు గది దగ్గరే వదిలేసి, సముద్రపు ఒడ్డు వెంట ఉన్న కాలిదారిలో ఉత్తరానికి నడవండి. సన్‌కోస్ట్ క్యాసినో దాటాక స్టేడియం కమాను కనిపిస్తుంది. 106 మీటర్ల ఎత్తున్న ఆ కమాను ఎటు తిరిగినా కనిపిస్తూనే ఉంటుంది, దారి తప్పడం కష్టం. సన్‌కోస్ట్ నుంచి ఇరవై నిమిషాల నడక. పగటి పూట, జనంతో కలిసి ఈ దారి హాయిగా ఉంటుంది. ఒంటరిగా, చీకటి పడ్డాక మాత్రం వద్దు.

టికెట్ ఒక్కచోట చూపిస్తే సరిపోదు. రోడ్డు మీద బయటి వలయంలో ఒకసారి కంటితో చూస్తారు. టికెట్ లేనివాళ్లను అక్కడే తిప్పి పంపేస్తారు. ఆ తర్వాత సోదా. ఆడవాళ్లకూ మగవాళ్లకూ వేర్వేరు వరసలు. అక్కడ డబ్బాలు, గాజు సీసాలు, గొడుగులు, పెద్ద సంచులు, పొడుగు లెన్సుల కెమెరాలు పక్కన పెట్టమంటారు. వాటిని దాచిపెట్టే చోటేమీ ఉండదు, పడేయాలి లేదా వెనక్కి వెళ్లాలి. చివరగా తిరిగే గేటు దగ్గర స్కాన్. మధ్యాహ్నం మూడు దాటాక వచ్చినవాళ్లకు ఈ మూడూ దాటడానికి గంటకు పైగా పట్టింది. అంతకు రెండు గంటల ముందు వచ్చినవాళ్లు పావుగంటలో లోపలికి వెళ్లిపోయారు. టికెట్ మీద ఏ గేటు రాసి ఉంటే ఆ గేటుకే వెళ్లండి. వరస చిన్నగా ఉందని వేరే గేటు దగ్గర నిలబడితే స్కానర్ ఒప్పుకోదు, మళ్లీ చుట్టూ తిరిగి మొదటినుంచీ నిలబడాలి. పిల్లల్ని తీసుకెళ్లేవాళ్లు వాళ్లకూ విడిగా సీటు కొనాలి. ఒళ్లో కూర్చోబెట్టుకుంటాం అంటే గేటు దగ్గర వినరు. ఒకసారి లోపలికి వెళ్లాక బయటికి వచ్చి మళ్లీ వెళ్లడం కుదరదు. కాబట్టి మందులు, స్వెట్టరు అన్నీ ఒంటి మీదే ఉండాలి. మే నెలలో డర్బన్ పగలు వెచ్చగానే ఉంటుంది. సూర్యుడు అయిదు దాటగానే మునిగాడు, ఆ తర్వాత సముద్రపు గాలి వణికించింది.

లోపల మొదటి ఆశ్చర్యం సీట్లది. యూరప్ ఫుట్‌బాల్‌లో రెండు పక్షాల అభిమానులను విడదీస్తారని వింటుంటాం. ఇక్కడ అలాంటిదేమీ లేదు. పైరేట్స్ జెర్సీ పక్కనే చీఫ్స్ జెర్సీ, కొన్ని కుటుంబాల్లో తండ్రి ఒకటి, కూతురు ఇంకొకటి. ఒకరు చేతులు అడ్డంగా పెట్టి పైరేట్స్ గుర్తు చూపిస్తే, పక్కవాళ్లు రెండు వేళ్లెత్తి చీఫ్స్ గుర్తు చూపిస్తారు. తర్వాత ఇద్దరూ ఒకే పొట్లంలోంచి వేరుశనగలు తింటారు.

రెండో ఆశ్చర్యం, సీటు నంబరును ఎవరూ పట్టించుకోకపోవడం. మీ సీట్లో ఎవరో కూర్చుని ఉంటారు. వాళ్ల సీట్లో ఇంకెవరో. గొడవ పడి లాభం లేదు. స్టీవార్డుని పిలిస్తే ఆ వరస మొత్తాన్ని లేపాలి. ఖాళీ ఉన్నంతవరకూ సర్దుకుని కూర్చోవడమే ఇక్కడి పద్ధతి. నలుగురు కలిసి కూర్చోవాలంటే మాత్రం త్వరగా వెళ్లడం ఒక్కటే మార్గం.

చెవులకు దూది గాని, ఇయర్‌ప్లగ్‌లు గాని తప్పనిసరి. వువుజెలా పక్కనే ఊదితే 110 డెసిబెల్స్ దాటుతుంది. అలాంటివి వెనక వరసలోనే నాలుగైదు ఉంటాయి. మకరాపాలు, అంటే గని కార్మికుల ప్లాస్టిక్ టోపీని కోసి, వంచి, రంగులేసి జట్టు బొమ్మలతో చేసిన టోపీలు, ఆట మొదలయ్యేలోపే కొనాలనిపిస్తాయి. మంచిది కావాలంటే ఊళ్లో ముందురోజే చూడండి, స్టేడియం బయట బేరం కుదరదు. తిండి కొట్ల దగ్గర బోరెవోర్స్ అనే మాంసం సాసేజ్ రోల్, చిప్స్, మాంసంతో కలిపి ఇచ్చే పాప్ అనే మొక్కజొన్న ముద్ద. మాంసం తిననివాళ్లకు చిప్స్ తప్ప ఏమీ దొరకదు, కడుపు నింపుకునే వెళ్లండి. విరామంలో టాయిలెట్ వరస పదిహేను నిమిషాల విరామాన్ని మింగేస్తుంది. నలభయ్యో నిమిషంలోనే లేవడం నయం.

ఆట గురించి రెండు మాటలే. వీడియో చూసి రెఫరీ తీర్పును సరిచూసే వీఏఆర్ ఇక్కడి దేశీయ పోటీల్లో అప్పటికి లేదు. రెఫరీ ఊదితే అదే తీర్పు. టీవీలో చూసే అలవాటున్న మనకు ఇది మొదట వింతగా ఉంటుంది, తర్వాత హాయిగా ఉంటుంది. గోల్ పడగానే అనుమానం లేకుండా అరవొచ్చు. మొదట్లోనే గాస్టన్ సిరినో పెనాల్టీతో చీఫ్స్ ముందుకెళ్లింది. ఆ అరుపులు తగ్గకముందే ఎవిడెన్స్ మక్గోపా సమం చేశాడు. అక్కడినుంచి దాదాపు గంటసేపు స్టాండ్స్‌లో ఒక రకమైన బరువు. చీఫ్స్ చివరిసారి ట్రోఫీ ఎత్తింది 2015లో, అదీ లీగ్. పైగా ఇదే స్టేడియంలో 2019 ఫైనల్లో రెండో డివిజన్ జట్టు టీఎస్ గెలాక్సీ ఆఖరి నిమిషాల పెనాల్టీతో వాళ్లను ఓడించింది. నా చుట్టూ ఉన్న పసుపు జెర్సీల్లో ఆ రాత్రి ఇక్కడే ఉన్నవాళ్లు ఉన్నారు. గడియారం ఎనభయ్యో నిమిషం వైపు వెళుతుంటే పాటలు ఆగిపోయాయి, చాలామంది కూర్చోలేక నిలబడిపోయారు. అప్పుడు యూసుఫ్ మార్ట్ కొట్టాడు. 2022లో ఇదే పైరేట్స్ మీద మైదానం మధ్యలోంచి కొట్టి గోల్ చేసినవాడే. 2-1. పదేళ్ల తర్వాత మొదటి ట్రోఫీ, 70 లక్షల ర్యాండ్ల బహుమతి, తర్వాతి సీజన్‌లో ఆఫ్రికా కాన్ఫెడరేషన్ కప్‌లో చోటు. ముందు వరసలో అరవై దాటిన పెద్దాయన జెర్సీతో ముఖం కప్పుకుని ఏడ్చాడు. పక్కనే పైరేట్స్ జెర్సీలో ఉన్న ఆవిడ ఆయన భుజం తట్టింది.

కప్ ఇచ్చేదాకా ఉండాలనుకుంటే మరో అరగంట, ముప్పావుగంట వేసుకోండి. బయటికి వచ్చాక అసలు పరీక్ష మొదలవుతుంది. యాప్‌లో పిలిచే కార్లు మూసిన రోడ్ల లోపలికి రాలేవు. పిలిస్తే తీసుకుంటారు, పది నిమిషాలు ఆగి రద్దు చేస్తారు, ఈలోగా ధర రెట్టింపవుతుంది. జనంతో కలిసి సన్‌కోస్ట్ దాకా గాని, ఎదురుగా ఫ్లోరిడా రోడ్డు దాకా గాని నడిచి, వెలుతురున్న హోటల్ ముందు నిలబడి పిలిస్తే త్వరగా దొరుకుతుంది. ఫోన్ చేతిలో పట్టుకుని నడవొద్దు, ముందు జేబులో ఉండాలి. ఆట ముగిశాక గది చేరేసరికి రెండు గంటలు పట్టింది. అందులో ఒక గంట ఊరికే గుంపులో నిలబడటమే. కానీ ఆ గుంపు పాడుతూ ఉంది కాబట్టి విసుగనిపించలేదు.

ఆదివారం తిరిగొచ్చే ముందు డర్బన్‌లోనే ట్యాంకు నింపుకోండి. లోపలి ప్రాంతాలకు పెట్రోలు చేరవేసే ఖర్చు కలుపుతారు కాబట్టి జొహానెస్‌బర్గ్ కంటే తీరంలో లీటరు దాదాపు ముప్పావు ర్యాండ్ తక్కువ. మొత్తం మీద కారు, రెండు రాత్రుల గది, తిండి, టోళ్లు, టికెట్ కలిపి నలుగురు పంచుకుంటే మనిషికి రెండున్నర నుంచి మూడు వేల ర్యాండ్ల మధ్య తేలింది. ఒక్కరే వెళ్తే దీనికి రెట్టింపు పైనే అవుతుంది, గదీ పెట్రోలూ ఒక్కరి మీదే పడతాయి కాబట్టి. ఉదయం తొమ్మిదిలోపు బయల్దేరండి. పదకొండు దాటితే మోయి రివర్ టోల్‌గేటు దగ్గర స్టేడియం వరసలే మళ్లీ కనిపిస్తాయి, ఈసారి కార్లలో.